నెల కాదు.. గంటలు లెక్కించాలి
కలుపు యంత్రాల ఇంజిన్‌ ఆయిల్‌పై అశ్రద్ధతో రైతులకు నష్టం

పత్తి, మిరప చేలలో కలుపు తీతకు కూలీలు దొరక్క పల్నాడు ప్రాంత రైతులు పవర్‌ వీడర్లను ఆశ్రయిస్తున్నారు. మందు కొట్టేందుకు పెట్రోలు స్ప్రేయర్లు, గట్లపై గడ్డి కోసేందుకు బ్రష్‌ కట్టర్లు కూడా ఊరూరా కనిపిస్తున్నాయి. కొనేటప్పుడు చూపే శ్రద్ధ వీటి నిర్వహణలో మాత్రం కానరావడం లేదు. ముఖ్యంగా ఇంజిన్‌ ఆయిల్‌ విషయంలో దొర్లుతున్న చిన్న పొరపాటు సరిగ్గా అదనులో యంత్రాన్ని మూలన పడేస్తోంది.

ఈ విలేకరి సమీప బంధువొకరి అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఖరీఫ్‌కు ముందు ఆయన అప్పు చేసి పవర్‌ వీడర్‌ కొన్నారు. సొంత చేలో పని ముగించుకుని ఇరుగుపొరుగు చేలకు అద్దెకు తిప్పారు. పన్నెండో రోజున పెద్ద శబ్దంతో ఇంజిన్‌ ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. మెకానిక్‌ కింది బోల్టు విప్పగా, అర లీటరుకు పైగా ఉండాల్సిన ఆయిల్‌ టీ గ్లాసెడు కూడా రాలేదు. వచ్చిన కాస్తా తారులా నల్లగా ఉంది. ‘ఆయిల్‌ ఎప్పుడు మార్చారు బాబాయ్‌?’ అని ఆ కుర్రాడు అడిగితే, ‘కొని ఇంకా నెలైనా కాలేదు కదయ్యా’ అన్నది ఆయన సమాధానం. కనెక్టింగ్‌ రాడ్డు విరిగింది, బోరు గీతలు పడింది. ఆయిల్‌ లేకుండా నడిపినందున వారంటీ వర్తించదని అమ్మిన దుకాణదారు తేల్చి చెప్పారు. మరమ్మతుకు వేలల్లో ఖర్చు కాగా, విడిభాగాలు వచ్చేదాకా కూలీలను బతిమాలి కలుపు తీయించుకోవాల్సి వచ్చింది.

ఆ సమాధానంలోనే అసలు పొరపాటు దాగి ఉంది. ఇటువంటి యంత్రాలకు ఎక్కువగా వాడే నమూనాల్లో ఒకటైన హోండా జీఎక్స్‌ 160 ఇంజిన్‌నే తీసుకుంటే, మొదటిసారి ఆయిల్‌ను నెలకు లేదా 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకు లేదా 100 గంటలకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని దాని పుస్తకం చెబుతోంది. నెల అన్న మాట గుర్తుంటుంది, గంటల మాట మరుగున పడుతుంది. రోజుకు ఆరు గంటలు నడిపే వీడర్‌కు 20 గంటలు నాలుగో రోజుకే నిండుతాయి. 100 గంటలు కావడానికి 17 రోజులు చాలు. ద్విచక్ర వాహనంతో పోల్చుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల చొప్పున 100 గంటలు తిరిగిన బండి 3 వేల కిలోమీటర్లు నడిచినట్లు. బండికి ఆయిల్‌ మార్చేవారు వీడర్‌ను మాత్రం ‘మొన్ననే కొన్నాం’ అని వదిలేస్తున్నారు.

పైగా ఈ చిన్న ఇంజిన్లలో పట్టేదే కొద్దిపాటి ఆయిల్‌. జీఎక్స్‌ 160లో సుమారు 580 మిల్లీలీటర్లు. ఆయిల్‌ను పైకి తోడే పంపు గానీ, వడకట్టే ఫిల్టరు గానీ ఇందులో ఉండవు. కనెక్టింగ్‌ రాడ్డు అడుగున చెంచా వంటి కొస ఒకటి ఉంటుంది. అది తిరిగినప్పుడల్లా ఆయిల్‌లో మునిగి, పిస్టన్‌కు, బేరింగులకు చిమ్ముతుంది. మట్టం తగ్గితే చెంచాకు ఆయిల్‌ అందదు. లోహంతో లోహం రాసుకుని క్షణాల్లో పట్టేస్తుంది. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి సర్దుకునే క్రమంలో రాలే లోహపు పొడి కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంటుంది. మొదటి మార్పును 20 గంటలకే పెట్టింది ఇందుకే.

ఇక బ్రష్‌ కట్టర్లకు వాడే జీఎక్స్‌ 35 వంటి బుల్లి ఇంజిన్లలో 100 మిల్లీలీటర్లే పడుతుంది. వీటికి మొదట 10 గంటలకు, తర్వాత 50 గంటలకే మార్చాలి.

రోజూ గేజి చూడాల్సిందే

ఉదయం తాడు లాగే ముందే ఆయిల్‌ చూసుకోవాలి. యంత్రం చదునైన చోట ఉండాలి. వీడర్‌ను వదిలేస్తే ఒక పక్కకు ఒరుగుతుంది కనుక రాయో, చెక్కో పెట్టి ఇంజిన్‌ సమంగా ఉండేలా చూడాలి. లేకుంటే గేజి తప్పుడు లెక్క చూపుతుంది. గేజిని బయటకు తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. జీఎక్స్‌ రకంలో మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. కొన్ని కంపెనీల ఇంజిన్లలో పూర్తిగా బిగించి చూడాలి. ఈ తేడా తెలియక తక్కువ పోసేవారూ, ఎక్కువ పోసేవారూ ఉన్నారు. ఎక్కువైతే పొగ వస్తుంది, ఎయిర్‌ ఫిల్టరు ఆయిల్‌తో తడిసిపోతుంది.

మట్టంతో పాటు వాసన, రంగూ గమనించాలి. పోయకుండానే ఆయిల్‌ పెరిగి, పలుచబడి, పెట్రోలు వాసన వస్తుంటే కార్బురేటర్‌ నుంచి పెట్రోలు లోపలికి దిగుతోందని అర్థం. పని కాగానే పెట్రోలు కాక్‌ కట్టేయని చోట ఇలా జరుగుతుంటుంది. మజ్జిగలా తెల్లబడితే నీరు చేరినట్లే. రెండింటిలో ఏది కనిపించినా ఆయిల్‌ మార్చి, కారణం సరిచేయకుండా నడపరాదు.

ఆయిల్‌ తగ్గగానే ఇంజిన్‌ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కొన్నింటిలో ఉంది. మిట్టపల్లాల్లో మాటిమాటికీ ఆగుతోందని ఆ వైరును పీకించేసుకుంటున్నారు. కాపలా కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేయడం వంటిదే ఇది.

మార్చే పని ఇంటి వద్దే చేసుకోవచ్చు. ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిల్‌ మడ్డితో సహా దిగుతుంది. ప్లగ్గు క్యాప్‌ ఊడదీసి, కింద డబ్బా పెట్టి బోల్టు విప్పాలి. వాషర్‌ అరిగి ఉంటే కొత్తది వేసి బిగించాలి. పుస్తకంలో సూచించిన గ్రేడు ఆయిల్‌నే కొలిచి పోయాలి. జీఎక్స్‌ ఇంజిన్లకు సాధారణంగా 10డబ్ల్యూ-30 చెబుతారు. వీడర్‌లో గేరు బాక్సు ఆయిల్‌ వేరు, ఇంజిన్‌ ఆయిల్‌ వేరు. ఒకటి పోసి రెండోది పోశామనుకోరాదు.

మరో గందరగోళం టూ స్ట్రోక్‌, ఫోర్‌ స్ట్రోక్‌ తేడా. తైవాన్‌ స్ప్రేయర్లుగా పిలిచే వాటిలో అధికం టూ స్ట్రోక్‌వే. వాటిలో విడిగా ఆయిల్‌ పోసే చోటే ఉండదు, పెట్రోలులోనే కలపాలి. 25:1 పాళ్లయితే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20 మిల్లీలీటర్లు. దీనికి అలవాటు పడినవారు కొత్తగా ఫోర్‌ స్ట్రోక్‌ యంత్రం కొని, దానికీ కలిపిన పెట్రోలే పోసి నడిపేస్తున్నారు. కొత్త ఇంజిన్లు చాలావరకు ఆయిల్‌ లేకుండానే పెట్టెలో వస్తాయి. దుకాణంలోనే పోయించుకుని, గేజి చూసి మరీ తెచ్చుకోవడం మేలు.

తీసిన పాత ఆయిల్‌ను గట్టు మీదో, బావి పక్కనో పారబోయకూడదు. అందులో లోహాలుంటాయి. చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే పరిగణిస్తోంది. మూత ఉన్న క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్‌ సేకరించే మెకానిక్‌ షెడ్డుకు అప్పగించవచ్చు. పై బంధువు ఇప్పుడు అదే చేస్తున్నారు. ఆయన పశువుల పాక తలుపుపై సుద్దముక్కతో రోజువారీ గంటలు రాసి ఉంటాయి. ఈ విలేకరి వెళ్లిన రోజున లెక్క 86 వద్ద ఉంది. లీటరు డబ్బా అప్పటికే దూలంపై సిద్ధంగా ఉంది.