చెంబెడు వేడినీళ్ళు – పగిలిన కారు అద్దం

పిల్లలూ! పెద్దతిప్పసముద్రంలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలోని మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక జనవరిలో ఫోను చేశాడు. “సార్! రాత్రి చలికి కారు తలుపు బిగుసుకుపోయింది. ఆఫీసుకు వేళవుతోందని నీళ్ళు మరిగించి అద్దం మీద, తలుపు మీద పోశాను. ముందరి అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది. తలుపు మాత్రం రాలేదు” అన్నాడు.

“లాంతరు చిమ్నీ పాఠం మరచిపోయావురా?” అన్నాను.

ఆ పాఠం నేను పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే నేర్చుకున్నాను. నా చిన్నతనంలో వెలుగుతున్న లాంతరును వసారా అంచున పెట్టాను. చూరు నుంచి ఒక్క వానచినుకు చిమ్నీ మీద పడింది. టప్పుమని పగిలింది! మా అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఒక్క చినుకుకే గాజు ఎందుకు పగలాలి? వేడి తగిలితే వస్తువు వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. ఇది మీకు తెలుసు. అయితే గాజు అధమ ఉష్ణవాహకం. ఒకచోట తగిలిన వేడి గానీ చల్లదనం గానీ పక్కకు త్వరగా పాకదు. చినుకు పడినచోట గాజు ముడుచుకోబోతుంది. చుట్టూ ఉన్న వేడిగాజు దానిని ముడుచుకోనివ్వదు. ఈ లాగులాటలో చీలిక పుడుతుంది. గాజు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు.

కారు అద్దం సంగతి లెక్కవేసి చూద్దాం. మీటరు పొడవున్న మామూలు గాజు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి సుమారు 0.009 మిల్లీమీటరు సాగుతుంది. అద్దం −20 డిగ్రీల దగ్గర ఉంది. మరిగిన నీళ్ళు తగిలినచోట 80 డిగ్రీలైందనుకుందాం. తేడా 100 డిగ్రీలు. అంటే మీటరుకు 0.9 మిల్లీమీటరు! మీ స్కేలు మీద దాదాపు ఒక చిన్నగీత. ఇంతేనా అనకండి. నీళ్ళు పడినచోటు అంత సాగాలనుకుంటే, పడనిచోటు కదలనంటుంది. పైగా ఆ అద్దానికి అంతకుముందే చిన్నరాయి తగిలిన మచ్చ ఉందట. చీలిక అక్కడే మొదలైంది. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కాబట్టి ముక్కలై మీద పడలేదు.

పూర్వం మన ప్రాంతాల్లో రాళ్ళు కొట్టేవారు ఈ సూత్రంతోనే బండలు లేపేవారు. బండ మీద కట్టెలు పేర్చి మంటపెడితే పైపొర సాగుతుంది, లోపలి రాయి చల్లగానే ఉంటుంది. పైపొర పలకలా విడివడుతుంది. వాళ్ళు కావాలని చేసినది మనవాడు తెలియక చేశాడు!

మరి తలుపు ఎందుకు రాలేదు? తలుపు చుట్టూ ఉండే రబ్బరుపట్టీ సందులో చేరిన తడి 0 డిగ్రీల వద్ద గడ్డకట్టి జిగురులా పట్టుకుంటుంది. వేడినీళ్ళు దానిని కాస్త కరిగించినా, అంత చలిలో ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. బంధం ఇంకా బిగుస్తుంది.

అలాంటప్పుడు పిడి పట్టుకుని బలంగా లాగకూడదు. పిడి విరుగుతుంది, రబ్బరు చిరుగుతుంది. అరచేతులతో తలుపును లోపలికి నొక్కాలి. పెళుసైన మంచుపొర విరుగుతుంది. లేదా మరో తలుపు తెరుచుకుంటుందేమో చూసి, లోపలికి వెళ్ళి హీటరును తక్కువ వేడితో మొదలుపెట్టాలి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆల్కహాలు కలిసిన ద్రవం చల్లినా మంచు కరుగుతుంది. నీటిలో ఆల్కహాలు కలిస్తే ఘనీభవన స్థానం తగ్గుతుంది కదా! రాత్రే రబ్బరును తుడిచి సిలికోన్ పూస్తే తడి అంటుకోదు.

చిమ్నీ బాధ మా ఇంటికే పరిమితం కాదు. అమెరికాలో రైల్వే సిగ్నల్ లాంతర్ల గాజు కూడా వానకూ మంచుకూ పగిలేది. కార్నింగ్ కంపెనీవారు బోరాన్ కలిపి, తక్కువగా సాగే గాజును తయారుచేశారు. 1913లో అక్కడి శాస్త్రజ్ఞుడు జెస్సీ లిటిల్టన్ అలాంటి గాజుతో చేసిన బ్యాటరీ జాడీ అడుగుభాగాన్ని ఇంటికి తీసుకెళితే, ఆయన భార్య బెస్సీ అందులో కేకు కాల్చింది. గాజు పగల్లేదు! 1915లో ‘పైరెక్స్’ పాత్రలు అమ్మకానికి వచ్చాయి. ప్రయోగశాలలోని బోరోసిలికేట్ బీకరు మామూలు గాజులో సుమారు మూడోవంతే సాగుతుంది.

మన ఊళ్ళో కారు తలుపు గడ్డకట్టదు. కానీ వేడి పరీక్షనాళికను కుళాయి కింద పెట్టే తొందర మన బడిలోనూ ఉంది. గాజుముక్క కంటికి తగిలితే పోయేది అద్దం కాదు, చూపు. వేడి గాజును దానంతట అదే చల్లారనివ్వండి. ఈసారి ఇంట్లో ఊరగాయ సీసా లోహపుమూత బిగుసుకుంటే, సీసాను తలకిందులుగా పట్టి మూతను మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ముంచి చూడండి. ఎందుకు వదులైందో మీరే చెప్పగలరు!