కాకినాడకు అడ్డుగోడ హోప్ ఐలాండ్
విహారానికి వెళ్లేవారు తెలుసుకోదగిన విశేషాలు

కాకినాడ: చుట్టూ సముద్రం, మధ్య ఇసుక దీవి చూడాలంటే అండమాన్ దాకా పోనక్కరలేదు. కాకినాడ తీరానికి ఎదురుగానే హోప్ ఐలాండ్ వున్నది.

దీవి అని పేరేగాని ఇది ఉత్త ఇసుక దిబ్బ. గౌతమీ గోదావరి మోసుకువచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టగా, సుమారు రెండు వందల ఏళ్లలో మేట వేసింది. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. తూర్పున బంగాళాఖాతం హోరెత్తుతుంటే, పడమటి వైపు నీరు చెరువులా వుంటుంది. కాకినాడ రేవులో ఓడలు నిలకడగా నిలవడానికి ఈ దిబ్బ చాటే కారణం.

ఆ చాటు విలువ తెలియాలంటే పక్కనే వున్న కోరంగి చరిత్ర తెలియాలి. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ ఈ రేవును 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను ఉప్పెనలు ముంచెత్తాయి. వేలాదిమంది చనిపోయారు. రేవు మళ్లీ కోలుకోలేదు. బర్మాకు వలసపోయిన తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అనే పేరు మాత్రం మిగిలింది.

కాకినాడకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలోని కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల నడుమ చెక్కబాట మీద నడవవచ్చు. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇక్కడ నివాసముంటాయి. పోటు సమయంలోనే పడవలు కాలవల్లోకి వెళ్లగలవు. పాటు వేళ బురద నేల బయటపడి కొంగలకు మేత దొరుకుతుంది.

విహారానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల రోజులు. దీవికి పడవలు నడుస్తున్నదీ లేనిదీ ముందుగా విచారించుకోవాలి. మంచినీరు, తినుబండారాలు వెంట తీసుకువెళ్లాలి.

జనవరి మొదలు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురును బట్టి సముద్రం వైపు సాగుతాయి. ఒడ్డున దీపాలు, మంటలు వుంటే దారి తప్పి చనిపోతాయి. కనుక రాత్రివేళ దీపాలు వెలిగించరాదు. గుడ్లను ముట్టరాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు వదలి రాకూడదు.

ఇంతకుమించిన ప్రమాదం ఎగువన వున్నది. గోదావరిపై కట్టిన ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడంతో సముద్రానికి చేరే ఇసుక తగ్గింది. నది పోసిన ఇసుకే దీవికి ఆధారం. ఉత్తరాన ఉప్పాడ తీరం ఇప్పటికే ఏళ్ల తరబడి కోతకు గురవుతున్నది. అక్కడ ఇళ్లు, రోడ్లు సముద్రం పాలయ్యాయి.

దీవిలో విహార వసతులు పెంచడానికి ముందు, దిబ్బ ఏ మేరకు పెరుగుతున్నదీ, తరుగుతున్నదీ ఏటా కొలిపించడం అధికారుల బాధ్యత. అడ్డుగోడ బలంగా వుంటేనే వెనుక పట్టణం నిశ్చింతగా వుండగలదు.