అమెరికా వేసవి కొలువులు: ఏజన్సీని నమ్ముటకు ముందు

కళాశాలలలో చదువు విద్యార్థులు వేసవి సెలవులలో అమెరికాకు పోయి, మూడు నాలుగు మాసములు ఏ హోటలునందో, సముద్రతీరమందలి వినోదశాలయందో పని చేసి, ఆ దేశమును కొంత చూచి మరలివచ్చు పద్ధతి యొకటి కలదు. దానిని 'సమ్మర్ వర్క్ ట్రావెల్' అందురు. ఇందులకిచ్చు వీసా జె-1 తరగతిది. 2019వ సంవత్సరమున లోకమందలి నానాదేశములనుండి లక్షకు పైబడిన విద్యార్థులీ పద్ధతిపై పోయిరి. రుమేనియా, బల్గేరియా, జమైకా, టర్కీ, థాయిలాండు దేశములవారు వీరిలో నెక్కువ. మన దేశమునుండి పోవువారు కొలదిమందియే. అయినను ఈ ప్రకటనలు మన బిడ్డల చేతి ఫోనులలోనికి వచ్చుచునే యున్నవి, "ఏ ఏజన్సీ మంచిది?" అని తల్లులు మమ్మడుగుచునే యున్నారు.

దీనికి పేరు పెట్టి జవాబు చెప్పుట మాకిష్టము లేదు. నిరుడు సవ్యముగ నడచిన కార్యాలయము ఈయేడు యజమాని మారి చెడవచ్చును. అంతకంటె, ఏజన్సీ యనునది ఈ వ్యవహారమున ఏ మెట్టున నున్నదో తెలిసికొన్నచో మంచిచెడ్డలు ఎవరికి వారే కనుగొనవచ్చును. కరీంనగరము, నిజామాబాదు సీమలనుండి గల్ఫునకును, కడపనుండి కువైటునకును తమవారిని పంపిన గృహిణులకు 'ఏజెంటు' అను మాటలోని తీపియు చేదును మేము చెప్పవలసిన పని లేదు. కాని ఈ అమెరికా వ్యవహారపు కట్టుబాటు దానికంటె భిన్నమైనది.

ఎట్లనగా, అమెరికా ప్రభుత్వమున స్టేట్ డిపార్టుమెంటనబడు విదేశాంగశాఖ కలదు. ఆ శాఖ తన దేశమునందే కొన్ని సంస్థలను నియమించి, వానికి 'స్పాన్సరు'లని పేరిడినది. విద్యార్థిని పరీక్షించి యెన్నుకొనుట, పని చూపు యజమాని నిజమైనవాడో కాడో విచారించుట, విద్యార్థి అచ్చటనున్నంతకాలము నెలకొకసారియైన క్షేమము కనుగొనుట, ఆపదయందు ఆదుకొనుట, ఇవన్నియు స్పాన్సరు బాధ్యతలు. వీసాకు ఆధారమైన డీయస్-2019 అను పత్రమును వ్రాసియిచ్చునదియు స్పాన్సరే. మన పట్టణములోని ఏజన్సీ అట్టి స్పాన్సరునకు ప్రతినిధి మాత్రమే. వీసా దాని చేతిలో లేదు. ఆ పత్రమును దాని చేతిలో లేదు.

కనుక మొదట అడుగవలసినది, "మీరెవరి పక్షమున వచ్చితిరి?" అని. లంకలో శింశుపావృక్షముక్రింద నున్న సీతమ్మ, రామదూతనని చెప్పుకొనుచు వచ్చిన హనుమంతుని తీయని మాటలకు వెంటనే లోబడలేదు. సన్యాసివేషమున వచ్చినవానిచేత నొకసారి మోసపోయిన తల్లి ఆమె. రాముని గుర్తులడిగినది, నరునకును వానరునకును స్నేహమెట్లు కుదిరినదని అడిగినది. అంతయు విన్న తరువాతనే ఉంగరమందుకొన్నది. మన మడుగవలసిన గుర్తులు మూడే. స్పాన్సరు పేరేమి? ఆ పేరు స్టేట్ డిపార్టుమెంటువారు ఇంటర్నెట్టులో ప్రకటించిన పట్టికయందున్నదా? ఈ ఏజన్సీ తమ ప్రతినిధియేయని ఆ స్పాన్సరు ఒప్పుకొనునా? మూడవదానికి ఏజన్సీవారు చూపు ధ్రువపత్రము చాలదు. స్పాన్సరునకు నేరుగ ఈ-మెయిలు వ్రాసి జవాబు తెప్పించుకొనవలెను. విదేశములందలి తమ ప్రతినిధుల వ్యాపార చరిత్రను విచారించి, వారితో వ్రాతపూర్వకమైన ఒడంబడిక చేసికొనవలసిన విధి స్పాన్సరులకు గలదు గావున, వారికిది క్రొత్త ప్రశ్న కాదు. "మీరు వారికి వ్రాయనేల, అంతయు మేము చూచుకొందుము" అని ఏజన్సీవాడనెనా, ఆ మాటతోనే లేచి వచ్చుట మేలు.

ఇక రుసుముల సంగతి. మొత్తముగ నింతయని చెప్పి పుచ్చుకొనువారికి ఒక్క రూకయు నీయరాదు. స్పాన్సరునకెంత, ఏజన్సీకెంత, ఆరోగ్యభీమాకెంత, సెవిస్ అను ప్రభుత్వపు లెక్కకెంత, వీసాకెంత, విమానమునకెంత అని విడివిడిగ వ్రాయించుకొనవలెను. విద్యార్థులవలన తీసికొను సొమ్మును ఈ రీతిగనే పద్దులవారీగ స్పాన్సరులు తమ ప్రభుత్వమునకు ఏటేట తెలుపవలెనని నియమమున్నది. ప్రభుత్వమునకు చెప్పగలిగినది తల్లికి చెప్పలేకపోవుట యేమి? ఈ తరగతివారికి సెవిస్ రుసుము 35 డాలర్లు. వీసా దరఖాస్తు రుసుము 2023 జూనునుండి 185 డాలర్లు. 2025వ సంవత్సరపు చట్టమొకటి దీనిపై ఇంకొక 250 డాలర్లకు దారి తెరచినది. దరఖాస్తు చేయునాటి లెక్కను కాన్సులేటువారి ప్రకటనలోనే చూచుకొనవలెను.

సొమ్ము తిరిగివచ్చు షరతులు పుచ్చుకొను షరతులకంటె ముఖ్యమైనవి. వీసా రానిచో ఎంత తిరిగి యిత్తురు, యజమాని పని రద్దు చేసినచో ఎంత, ఎన్నిదినములలో, అన్నవి కాగితముపై నుండవలెను. ఇది వట్టి భయము కాదు. 2020 జూనులో అమెరికా అధ్యక్షుని ఉత్తరువొకటి వెలువడి, ఈ వేసవి వీసాల నిచ్చుట నిలిచిపోయినది; 2021 మార్చి కడవరకు ఆ ఉత్తరువు తొలగలేదు. అంతటివి మరల జరుగవని ఎవరును పూచీపడలేరు.

వీసా తప్పక వచ్చునని చెప్పువాడు అబద్ధమాడుచున్నాడు. హైదరాబాదు నానక్‌రాంగూడలోని కాన్సులేటున అధికారి విద్యార్థితో మాటలాడి, ఈమె చదువు ముగించుటకు తిరిగి వచ్చునని నమ్మిక కుదిరిననే వీసా యిచ్చును. చిలుకపలుకులు నేర్పి పంపు ఏజన్సీలవలన మేలుకంటె కీడే యెక్కువ. ఇంగ్లీషు వచ్చునో రాదో స్పాన్సరు ముఖాముఖిగనో వీడియోలోనో తానే పరీక్షింపవలెనన్నది నియమము. "మీ అమ్మాయికి పరీక్ష అక్కరలేకుండ చేయింతుము" అనుట ఉపకారముగ తోచునేమో గాని, భాష చాలని పిల్ల పరదేశములో తన కష్టము చెప్పుకొనుటకు నోరులేనిదగును.

పని సంగతి వ్రాతమూలముగ చేతికి రానిదే సొమ్ము కట్టరాదు. మన దేశపు విద్యార్థులకు వీసాకు ముందే పని కుదిరియుండవలెను గనుక ఆ పత్రము చూపుడని అడుగుట న్యాయమే. ఊరిపేరు, యజమాని పేరు, చేయవలసిన పని, గంటకు కూలి, వారమునకెన్ని గంటలు, బస ఎచ్చట, బాడుగ ఎంత అన్నవి అందుండవలెను. మనవారు గంటకూలిని మాత్రమే చూచి మురియుదురు. ఉదాహరణమునకు గంటకు 12 డాలర్లనుకొందము. వారమునకు 40 గంటలైనచో 480 డాలర్లు. 25 గంటలే యైనచో 300. బాడుగ వారమునకు 150 అనుకొన్నచో, మొదటి పిల్లకు 330 మిగులును, రెండవదానికి 150. తిండి, బస్సు, ఆదాయపు పన్ను ఇందులోనివే. కూలి యొక్కటే, బాడుగ యొక్కటే. గంటలవలన బ్రతుకు తారుమారైనది. కాబట్టి "తక్కువలో తక్కువ ఎన్ని గంటలు?" అన్న ప్రశ్నను గట్టిగ పట్టుకొనవలెను. అమెరికా దేశమంతటికి కనీసకూలి 2009నుండి 7.25 డాలర్లు, అనేక రాష్ట్రములలో నంతకంటె హెచ్చు. ఆ రాష్ట్రపు కనీసముగాని, అదే పని చేయు అచ్చటివారి కూలిగాని, ఏది యెక్కువైన దానినే మన పిల్లలకీయవలెను.

ఎట్టి పనికి పంపుచున్నారో విచారింపనిచో నేమగునో 2011వ సంవత్సరమున లోకమంతయు చూచినది. ఆ ఆగస్టు మాసమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని పాల్మైరా యను ఊర, హెర్షీ చాకొలెట్లను పెట్టెలకెత్తు గిడ్డంగిలో పనిచేయుచున్న కొన్నివందల విదేశ విద్యార్థులు పని మాని వెలుపలికి వచ్చిరి. చీనా, టర్కీ మొదలగు దేశముల కళాశాలల పిల్లలు వారు. అమెరికాను చూతము, నలుగురితో మాటలాడి ఇంగ్లీషు మెరుగుపరచుకొందమని, వేలకొలది డాలర్లు కట్టి వచ్చినవారికి బరువైన పెట్టెలెత్తుటయు, రాత్రిపాళ్లును ప్రాప్తించినవి. బాడుగ జీతమునుండియే కోసికొనగా మిగిలినది స్వల్పము. ఆ సంగతి పత్రికలకెక్కిన పిదప, వారిని పంపిన స్పాన్సరును ప్రభుత్వము 2012లో తొలగించి, నియమములను బిగించినది. నాటినుండి గిడ్డంగులలో పని, కర్మాగారపు పని, కట్టడపు పని, వ్యవసాయపు పని, పరుల యిండ్లలో దాసీపని, వాహనములు నడపుట, రోగులకు ఉపచారము, రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు సాగు కొలువులు ఈ వీసాపై కూడవు. ఇవి యేవియైన పత్రములో కనబడినచో, ఏజన్సీకి నియమములు తెలియవో, తెలిసియు దాచుచున్నదో, రెండింటిలో నొకటి.

బస విషయము ఆడపిల్లల తల్లులు మరింత జాగ్రత్తగ చూడవలెను. మేరీలాండులోని ఓషన్ సిటీ, విస్కాన్సిన్‌లోని డెల్స్ వంటి విహారస్థలములలో వేసవిలో గదులు దొరకుట దుర్లభము; దొరకినవి ప్రియము. "అచ్చటికి చేరిన పిమ్మట చూచుకొందురు" అన్న మాటను అంగీకరింపరాదు. గదిలో నెందరు, పనిచోటు ఎంత దూరము, రాత్రివేళ మరలివచ్చుటకు బస్సున్నదా అని ఒక్కొక్కటి అడిగి తెలిసికొనవలెను. అదే యజమానియొద్ద నిరుడు పనిచేసివచ్చిన విద్యార్థినులలో నిద్దరితో మాటలాడింపుమని ఏజన్సీని కోరుడు. పేర్లను ఏజన్సీయే ఏరి యిచ్చుననుట నిజమే. అయినను ఆడపిల్లలు ఒకరితోనొకరు మాటలాడునప్పుడు కాగితములలో లేని సంగతులు బయటపడును.

మన క్యాలెండరునకును వారి క్యాలెండరునకును పొత్తు లేదు. మనకు ఎండలు ముదిరిన వైశాఖములో సెలవులు. వారి వేసవి రద్దీ మే నెల కడపటి సోమవారమునుండి సెప్టెంబరు మొదటి సోమవారము వరకు. రెండు సెలవు సంవత్సరముల నడుమ కాక, రెండు విద్యాసంవత్సరముల నడిమి సెలవులలోనే పని చేయవలెనన్నది నియమము. నాలుగు మాసములకు మించరాదు. ఏ దేశపువారు ఏ తేదీలలో పనిచేయవచ్చునో స్టేట్ డిపార్టుమెంటే నిర్ణయించును. కళాశాల తెరచిన తరువాత పదునైదు దినములు పోయిన నేమి యని ఏజన్సీ తేలికగ చెప్పును. హాజరు తగ్గినప్పుడు పరీక్షకు కూర్చుండనీయని ప్రిన్సిపాలునెదుట నిలువవలసినది బిడ్డయే.

ఇన్నియు చూచి, నగలు తాకట్టుపెట్టి పంపవచ్చునా యని అడుగువారికి మా యుత్తరము వలదనియే. ఈ పద్ధతికి మూలమైన 1961వ సంవత్సరపు చట్టము దేశముల నడుమ స్నేహమును, పరిచయమును కోరినది. విద్యార్థికి సంపాదనను కాదు. పెట్టినది చేతికి వచ్చి కొంత తిరిగిచూచుటకు మిగిలినచో అదియే లాభము. పని ముగిసిన పిదప 30 దినములు ఆ దేశములో సంచరించు అనుమతి యందులకే యిచ్చినారు.

పంపుట నిశ్చయమైనచో డీయస్-2019, పాస్‌పోర్టు, పనిపత్రము, భీమాకాగితము, స్పాన్సరువారి రేయింబవళ్ల టెలిఫోను నంబరు, వీని ప్రతులు ఇంటిలో నొకటి యుంచుకొనవలెను. పాస్‌పోర్టు పిల్లయొద్దనే యుండవలెను. యజమాని గాని, గది యిచ్చినవారు గాని దాచిపెట్టుదుమన్నచో ఈయవద్దని ముందే చెప్పవలెను. పనివారి హక్కులను తెలుపు చిన్నపుస్తకమొకటి వీసాతోడ కాన్సులేటువారిత్తురు. 2008వ సంవత్సరపు విల్బర్‌ఫోర్సు చట్టమువలన వచ్చినది. బయలుదేరక మునుపే తల్లీకూతుళ్లు కలిసి దానిని చదువవలెను. చోటు నచ్చక పని మారవలసివచ్చినచో, క్రొత్త యజమానిని స్పాన్సరు విచారించి సరేయన్న తరువాతనే మారవలెను. మన రాత్రి 10 గంటలకు అమెరికా తూర్పుతీరమున వేసవిలో మధ్యాహ్నము 12.30. వారమునకొకసారి ఆ వేళకు మాటలాడునట్లు ఏర్పాటు చేసికొని, తిన్నావా యని అడిగిన పిమ్మట, ఈ వారము ఎన్ని గంటలు పని యిచ్చిరని అడుగుడు.