సీసా మీది అంకె, గ్లాసులోని రుచి

డ్యూటీ ఫ్రీ దుకాణంలో ఒకే కంపెనీ సింగిల్ మాల్ట్ స్కాచ్ సీసాలు 12, 15, 18, 25 అనే అంకెలతో వరసగా నిలబడి ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ధర అంతకంటే వేగంగా పెరుగుతుంది. వయసు పెరిగితే రుచీ పెరుగుతుందని కొనేవాళ్లు అనుకోవడం సహజం. అందులో సగమే నిజం.

ముందు ఆ అంకెకు అర్థం చూద్దాం. స్కాచ్ విస్కీ నిబంధనలు 2009 ప్రకారం సింగిల్ మాల్ట్‌ను మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్ట్‌తో, ఒకే డిస్టిలరీలో, బట్టీలో కాచి తీయాలి. స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచాలి. సీసాలోకి వచ్చేటప్పటికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. ‘ఒకే డిస్టిలరీ’ అంటే ఒకే పీపా అని కాదు. ఎన్నో పీపాల సరుకు కలిపి సీసాల్లో నింపుతారు. వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసే లేబుల్ మీద వేయాలి. సీసాలోకి చేరాక విస్కీకి వయసు పెరగదు. పన్నెండేళ్ల సీసాను పాతికేళ్లు బీరువాలో దాచినా అది పన్నెండేళ్లదే.

ఆ ఏళ్లన్నీ పీపాలో ఏం జరుగుతుంది? చెక్కలోంచి వెనిలా, కొబ్బరి, మసాలా వాసనలు దిగుతాయి. పచ్చి సారా ఘాటు తగ్గుతుంది. ఏడాదికి దాదాపు రెండు శాతం ఆవిరైపోతుంది. ఆ తరుగును అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. అమెరికాలో బోర్బన్‌కు లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలన్న చట్టం ఉంది కాబట్టి, ఒకసారి వాడినవి పెద్ద సంఖ్యలో స్కాట్లాండ్ చేరతాయి. వాటినుంచి తేనె, వెనిలా రుచులు వస్తాయి. స్పెయిన్ షెర్రీ పీపాలు ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం వాసనలిస్తాయి. పీపా ఎన్నోసారి వాడుతున్నదన్నదీ ముఖ్యమే. ఒకసారి డికాషన్ తీసిన కాఫీ పొడిలో మళ్లీ నీళ్లు పోస్తే పలచగా దిగినట్టే, పదేపదే వాడిన పీపా విస్కీకి ఇచ్చేది తక్కువ. మంచి పీపాలో పన్నెండేళ్లు ఉన్నది, అలసిన పీపాలో ఇరవై ఏళ్లు ఉన్నదాన్ని తేలిగ్గా మించగలదు.

ఇక రుచి చూసే పద్ధతి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉండే గ్లాసు వాడాలి. ఐస్ వేస్తే వాసనలు ముడుచుకుపోతాయి. రంగును బట్టి తీర్పు చెప్పకూడదు. రంగు కోసం మామూలు కారమెల్ కలపడాన్ని చట్టం అనుమతిస్తుంది కాబట్టి, ముదురు రంగు వయసుకు సాక్ష్యం కాదు.

అసలు పని ముక్కుది. గ్లాసులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చకండి. ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. కొంచెం దూరంగా పట్టుకుని, నోరు కాస్త తెరిచి, నెమ్మదిగా వాసన చూడాలి. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే వేరే వాసనలు పైకి వస్తాయి. తర్వాత చిన్న గుక్క తీసుకుని నాలుకంతా తగిలేలా కొద్దిసేపు ఉంచాలి. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో, చివరికి తీపిగా ముగిసిందో వగరుగా ముగిసిందో గమనించాలి.

అప్పుడు కొన్ని చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి. నీళ్లు కలపడం తప్పేమీ కాదు. విస్కీలో పొగ వాసననిచ్చే గ్వయకాల్ లాంటి పదార్థాలు ఆల్కహాల్ పలచబడినప్పుడు ద్రవం ఉపరితలానికి చేరతాయని 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. అయితే బాగా వయసైన విస్కీలో నీళ్లు ఒక్కో చుక్కే వేయాలి. స్కాట్లాండ్ చల్లని, తేమ గోదాముల్లో ఏళ్లు గడిచేకొద్దీ ఆల్కహాల్ శాతం కూడా తగ్గుతుంది. అలాంటిదాన్ని ఇంకా పలచన చేస్తే చప్పబడిపోతుంది.

వయసైన విస్కీలో ముఖ్యంగా చూడాల్సింది, చెక్క ఆ డిస్టిలరీ గుణాన్ని మింగేసిందా లేదా అని. బాగా పండినదైతే పండ్లు, మైనం, తోలు, పాత చెక్కపెట్టె వాసనలు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా తెలుస్తాయి. ముదిరిపోయినదైతే నోరు పిడచగట్టుకుపోతుంది, చేదు, వగరు తప్ప ఏమీ మిగలవు. పొగ వాసనకు పేరుపడ్డ ఐలా ద్వీపపు మాల్ట్‌ల సంగతి ఇంకొకటి. పీపాలో ఏళ్లు గడిస్తే ఆ పొగ మెత్తబడుతుంది. ఆ పొగ కోసమే తాగేవారికి లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్‌ల పదేళ్ల సీసాలే ఎక్కువ నచ్చవచ్చు.

మరి ధర? పాతది అరుదైనది. తరుగు పోగా పీపాలో మిగిలేది తక్కువ, ఆ పెట్టుబడి దశాబ్దాలపాటు గోదాములో ఉండిపోతుంది. 2023లో లండన్ సోదబీస్ వేలంలో మెకాలన్ 1926 సీసా ఒకటి 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అది అరుదుదనానికి కట్టిన విలువ, రుచికి వేసిన మార్కు కాదు.

కాబట్టి ఖరీదైన పాత సీసా కొనే ముందు, వీలైతే అదే డిస్టిలరీ పన్నెండేళ్లది, పద్దెనిమిదేళ్లది పక్కపక్కన పెట్టుకుని, లేబుళ్లు కనబడకుండా రుచి చూడండి. ఇందుకు కొద్ది చుక్కలు చాలు. ఆ రోజు బండి మాత్రం నడపకండి. చిన్నదే నచ్చితే సిగ్గుపడక్కర్లేదు, మీ డబ్బు మిగిలినట్టే.