చెట్టు దిగని సింగళీకం
నడికొండ అడవి పోతే నిలువ నీడ లేదు

ఊళ్లలో కోతులంటే ఇంటి పెంకులు పీకేవి, చేలో పడి వేరుశనగ పెరికేవి. ఒక ఊళ్లో తరిమితే మరో ఊరు చూసుకుంటాయి. కానీ తన అడవి పోతే ఎక్కడికీ పోలేని కోతి ఒకటుంది. అదే సింగళీకం. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది అడవిలో కనిపించదు.

ఒళ్లంతా నలుపు. ముఖం చుట్టూ నెరిసిన జూలు. తోక చివర సింహానికి ఉన్నట్లు కుచ్చు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా మొదలు కేరళ, తమిళనాడు కొండల దాకా అక్కడక్కడా మందలున్నాయి. అన్నీ కలిపి సుమారు 4 వేలని అంచనా.

ఇది ఎక్కువగా ఉండేది సముద్రమట్టానికి 600 నుంచి 1,300 మీటర్ల ఎత్తులో. మన అరకులోయ ఎత్తు సుమారు 900 మీటర్లు. అయితే దీనికి ఎత్తు ఒక్కటే చాలదు. వానలు బాగా కురిసి, ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవి కావాలి. నేల మీదికి దిగడం అరుదు కనుక కొమ్మకు కొమ్మ తగలాలి. పండ్లు, గింజలు, పురుగులు దీని తిండి. మలయాళంలో వెడిప్లావు అనే చెట్టు పూలు, గింజలంటే మరీ ఇష్టం. కొండ దిగువన అడవి ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. శిఖరాల దగ్గర చలి ఎక్కువ, చెట్లు పొట్టివి. అందుకే నడికొండే దానికి నెలవు.

చిక్కంతా అక్కడే వచ్చింది. తేయాకు, కాఫీ, ఏలకుల తోటలకూ ఆ ఎత్తే అనువైనది. తెల్లదొరల కాలం నుంచి అడవి నరికి తోటలు వేయడంతో మందలు ముక్కలుగా విడిపోయాయి. ఒక్కో కాన్పుకు ఒక్క పిల్లే. మళ్లీ ఈనడానికి రెండేళ్లకు పైగానే పడుతుంది. తగ్గిన సంఖ్య త్వరగా పెరగదు.

కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలన్నప్పుడు ఈ కోతి పేరు దేశమంతా వినిపించింది. ప్రజల ఆందోళనతో 1983లో ప్రాజెక్టు ఆగింది. 1984లో ఆ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు.

తమిళనాడులోని వాల్పారైలో మాత్రం తేయాకు తోటల మధ్య మిగిలిన చిన్న అడవుల్లో మందలు కాలం వెళ్లదీస్తున్నాయి. చెట్టు దిగని కోతి అక్కడ రోడ్డు దాటుతూ వాహనాల కింద పడుతోంది. అందుకని రోడ్డుకు పైన చెట్టు నుంచి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. కోతులు వాటి మీదుగా దాటుతున్నాయి. అడవి ముక్కలను మళ్లీ చెట్లతో కలిపితేనే ఈ జాతి నిలుస్తుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు.