తొండి లేకుండా ఏడుపెంకులాట!

'అవుట్!' 'తగల్లేదు... తొండి!' పండక్కి చుట్టాలంతా చేరిన ఇంట్లో ఏడుపెంకులాట మొదలైన పది నిమిషాలకే వినిపించే మాటలివి. ఏడు పెంకులు, ఒక బంతి, రెండు జట్లు... ఆట అందరికీ తెలిసిందే. కానీ ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి. మేనత్త పిల్లలు ఆడేది ఒకలా, పెదనాన్న పిల్లలు ఆడేది ఇంకోలా ఉంటుంది. అందుకే పెంకులు పేర్చకముందే నాలుగు మాటలు అనుకోవాలి.

పెంకులు పడగొట్టడానికి ఎన్ని అవకాశాలు? మూడైతే సరిపోతుంది. బంతి ఎక్కడ తగిలితే అవుట్? మోకాలి కిందే అనుకుంటే కళ్లకూ తలకూ దెబ్బల భయం తగ్గుతుంది. గుడ్డబంతి అయితే మరీ మంచిది. బంతి పట్టుకుని పరుగెత్తొచ్చా, నిలబడ్డ చోటునుంచే విసరాలా? అదీ తేల్చుకోండి. వాదనొస్తే తీర్పు ఎవరిది? పరుగెత్తలేని తాతయ్యను అరుగుమీద కూర్చోబెట్టండి. ఆయనకీ ఆటలో చోటు దొరుకుతుంది.

ఇక జట్లు. నాయకులు ఒక్కొక్కరినే ఎంచుకుంటూపోతే చివరికి మిగిలిన పిల్ల మొహం చిన్నబోతుంది. సమ ఉజ్జీలను జంటలుగా చేసి చెరో జట్టులోకి పంపితే ఆ బాధ ఉండదు. ఐదేళ్ల బుడతడొచ్చి 'నేనూ ఆడతా' అంటే? 'ఆటలో అరటిపండు'ను చేసి ఊరుకోకండి. నాలుగడుగులు ముందుకొచ్చి విసరనివ్వండి. వాడు పడగొట్టినా లెక్కేనని ముందే ఒప్పుకోండి.

ఎవరు గెలిచారో సాయంత్రానికల్లా మర్చిపోతారు. ఎవర్ని ఆడనివ్వలేదో మాత్రం ఆ పిల్లలకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది!