తిరిగి వచ్చిన సరుకు

చందానగరులో ముంబయి రహదారి పొడుగునను బట్టల దుకాణములు బారులు తీరియున్నవి. అయినను అచ్చటి మేడలలో కాపురముండు మనలో పెక్కుమంది చీర మొదలు చెప్పుల వరకు ఫోనులోనే, బేరమైన ఆడకుండ, కొనుచున్నారు. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుట్టినది. అమెజాన్ మన దేశమున 2013లో అంగడి తెరచినది. సరుకు ఇంటికి వచ్చు విధము మనకు తెలియును. నచ్చక త్రిప్పి పంపినది ఎవరి చేతిలో పడునో ఆలోచించువారు తక్కువ.

ఆ పొట్లము మొదట పేటలోని పంపిణీ కేంద్రమునకు, అచ్చటినుండి నగరము వెలుపలి గిడ్డంగికి చేరును. శంషాబాదు, మేడ్చల్ వైపుల గిడ్డంగులు మెండు. క్రొత్త సరుకు పంపువానికి పెట్టెలో ఏమున్నదో ముందే తెలియును. తిరిగి వచ్చిన పెట్టె అట్లు కాదు. పైచీటిలో పట్టుచీర యని యుండి లోపల పాతగుడ్డ యుండవచ్చును. అందుచేత దానిని కెమెరా యెదుట విప్పుట పలుచోట్ల వాడుక. పనివాడు బార్‌కోడును యంత్రముచే చదివించి, కొన్నవారు తెలిపిన కారణమును తెరపై చూచి, పిమ్మట వస్తువును చేతికి తీసికొనును. ఫోనైనచో ఐఎంఇఐ సంఖ్యలోని 15 అంకెలును సరిపోవలెను. చీర యైనచో మడత, అంచు, ధరచీటి, చెమట వాసన చూడవలెను. వాసన పట్టు యంత్రము ఆ బల్లపై నుండదు!

చెక్కుచెదరనిది మరల అమ్మకపు అరకెక్కును. కొన్ని మరమ్మతుకు, కొన్ని గంపగుత్తగా పాతసరుకు వర్తకులకు పోవును. మిగిలినది తుక్కు.

మంచి చీరను చూచి 'కట్టి విడిచినది' అని గుర్తు పెట్టినచో, నిజము చెప్పిన ఇల్లాలి సొమ్ము నిలిచిపోవును. కట్టి విడిచినదానిని మంచిదన్నచో, అది క్రొత్తదను పేర మరియొక గడప త్రొక్కును. నిష్ఠూరము మాత్రము అమ్మిన చిన్న వర్తకునికి. ఇంతటి తీర్పరితనమును గంటకిన్ని పెట్టెలని కొలుచుట మాకు సబబుగా తోచదు.

చట్టమేమనుచున్నది? లోపమున్నది, నకిలీది, ప్రకటించినట్లు లేనిది, చెప్పిన గడువు మీరి వచ్చినది అయినచో, అమ్మినవాడు తిరిగి తీసికొననని అనరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు శాసించుచున్నవి. రంగు నచ్చలేదని త్రిప్పుట వేరు. దానికి ఆ వర్తకుడు ముందుగా ప్రకటించిన షరతులే ఆధారము.

కనుక త్రిప్పి పంపునప్పుడు మనము ఉన్న కారణమునే తెలుపవలెను. 'ఇతరములు' అని మీట నొక్కి ఊరకున్నచో బల్లవద్దివానికి ఏమి బోధపడును? ధరచీటిని త్రుంచక, వచ్చిన పెట్టెలోనే ఉంచవలెను. ఫోనైనచో అందలి సిమ్మును, బొమ్మలను ముందే తీసివేయవలెను.